మనిషంత బొమ్మ

చోడవరం నుంచి వచ్చిన యాత్ర బస్సు గోల్కొండ కోట ముందు ఆగిన పావుగంటకే నూకరత్నం పొయ్యి వెలిగించింది. డిక్కీలోంచి గ్యాసు బండ దించి, గాలికి మంట ఆరిపోకుండా బియ్యం బస్తా అడ్డం పెట్టి, పెద్ద డేగిసాతో ఎసరు ఎక్కించింది. బస్సులో వచ్చిన వాళ్ళంతా కోట చూడ్డానికి వెళ్ళిపోయారు. ఆమె ఒక గోనెపట్టా పరుచుకుని బెండకాయలు ముందేసుకుంది.

యాత్రలకి వంటమనిషిగా రావడం ఆమెకి ఎనిమిదో ఏడు. కాశీ వెళ్ళింది, పూరీ వెళ్ళింది, రామేశ్వరం వెళ్ళింది, హైదరాబాదు రావడం ఇది నాలుగోసారి. ఏ ఊళ్ళో బస్సులు ఎక్కడ ఆపుతారో, కుళాయి ఎంత దూరమో, గాలి ఎటునుంచి కొడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తుంది. ఆ ఊళ్ళో మిగతాదంతా వడ్డించేటప్పుడు విన్నదే. దేవుడి సంగతైనా, రాజుగారి సంగతైనా విస్తట్లో అన్నం పడ్డాక జనం నోటివెంట వచ్చేదే ఆమె చూసిన లెక్క.

బెండకాయలు సగం తరిగేసరికి జాకెట్లో ఫోను మోగింది. చోడవరం నుంచి మనవరాలు కీర్తి. ఏడో తరగతి చదువుతోంది.

"అమ్మమ్మా, ఒక మాటడుగుతాను, నిజం సెప్తావా?"

"ఏటే, పొద్దున్నే? బడికెల్లేదా?"

"ఇంటర్‌వెల్. టీచర్ ఫోను అడిగి చేస్తన్నాను. ఆ మ్యూజియంలో గడియారం సెప్పేవు కదా, తలుపు తీసుకుని మనిషంత బొమ్మ బయటికొచ్చి గంట కొడతాదని. నిజంగా మనిషంతుంటాదా?"

కత్తిపీట మీద నూకరత్నం చేతిలోని బెండకాయ ఆగిపోయింది. "ఇప్పుడెందుకే అది?"

"సన్నీగాడు క్లాసులో అందరి ముందూ నవ్వేడు. ఆల్ల నాన్నతో ఎల్లి సూసేడంట. అంత లేదంట. 'మీ అమ్మమ్మ గడియారమేటీ సూళ్ళేదు, బస్సుకాడ వంకాయలు తరిగింది' అన్నాడు. అందరూ నవ్వేరు. నువ్వు సూసేవా, లేదా?"

పోయినేడు ఎవరో పప్పు కలుపుకుంటూ, 'సరిగ్గా గంట అయ్యేసరికి మనిషి బయటికొచ్చి కొడతాడమ్మా' అన్నారు. మనిషి అన్నాక మనిషంత ఉండడూ? ఆ పిల్లకి అలాగే చెప్పింది. సుత్తి ఎత్తి పట్టుకుని, గుమ్మంలో నిలబడి, అభినయించి మరీ చెప్పింది.

"రేపెల్తాం మ్యూజియానికి. మల్లీ సూసి సెప్తాను," అంది. ఆ 'మల్లీ' అన్న మాట తనకే ముల్లులా గుచ్చుకుంది.

"ఈసారి సరిగ్గా సూడు అమ్మమ్మా. నాను ఆడితో పందెం కాసేను," అని పెట్టేసింది పిల్ల.

కోట చూసినవాళ్ళు ఒంటిగంటకి ఉసూరుమంటూ దిగారు. అందరికంటే వెనక రాజ్యం వచ్చి బస్సు మెట్టుమీద కూలబడింది. రాజ్యంది రావికమతం, చెరకు రైతు భార్య, మోకాళ్ళ నొప్పులతోనే యాత్రకి వచ్చింది. "దూరపు కొండలు నునుపని ఊరికే అన్లేదు, నూకరత్నం. కింద చప్పట్లు కొడితే పైకి ఇనబడతాదంట. నాకు నా గుండె కొట్టుకోడం తప్ప ఏటీ ఇనబళ్ళేదు," అంది. నూకరత్నం నవ్వి, ముందు ఆమెకే మజ్జిగ ఇచ్చింది.

భోజనాలయ్యాక గణపతిరావు బస్సెక్కాడు. యాత్రలు నడిపేది ఆయనే. పాతికేళ్ళు చెరకు కాటా దగ్గర గుమాస్తా చేసి రిటైరయ్యాడు, లెక్క అంటే ప్రాణం, తన పేరున కూడా ఒక టిక్కెట్టు రాసుకుంటాడు. చేతిలో చుట్టచుట్టిన తువ్వాలుతో ఒక్కొక్క సీటు వీపునీ తట్టుకుంటూ వెనకదాకా వచ్చి, "టిక్కెట్లు ముప్పై ఎనిమిది, తలకాయలు ముప్పై ఎనిమిది. రైట్ రైట్!" అని కేక పెట్టాడు. చిట్టచివరి సీటులో, డేగిసాలకీ బియ్యం బస్తాకీ మధ్య నూకరత్నం కూర్చుని ఉంది. తువ్వాలు ఆమెకి ముందు వరసలోనే ఆగి వెనక్కి తిరిగింది. ఎనిమిదేళ్ళుగా అక్కడే తిరుగుతోంది. ఆమె ఎప్పుడూ పట్టించుకోలేదు. ఈరోజెందుకో చూసింది.

సాయంత్రం లాడ్జి వరండాలో గణపతిరావు మర్నాటి కార్యక్రమం చదివి వినిపించాడు. పొద్దున్నే చార్మినారు, మక్కా మసీదు, పదిన్నరకి మ్యూజియం, పదకొండుకి గడియారంలో బొమ్మ గంట కొట్టడం, పన్నెండుకల్లా బస్సు దగ్గర భోజనాలు, ఆపైన చౌమహల్లా ప్యాలెస్. అందరూ లేచాక నూకరత్నం కొంగు భుజం చుట్టూ కప్పుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, రేపు నాను కూడా ఆ గడియారం సూస్తాను. అరగంట సాలు."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "నువ్వు గడియారం సూత్తే అన్నం ఎవులు సూస్తారమ్మా?"

"అన్నం దించీసే ఎల్తాను."

"సల్లారిపోద్ది. పాంప్లెట్లో ఏటి రాయించేను? వేడివేడి ఆంధ్రా భోజనం అని రాయించేను. మరో ట్రిప్పులో సూద్దువు గానిలే. గడియారం ఎక్కడికి పోద్ది?"

మంచివాడే గణపతిరావు. పోయినేడు ఆమెకి జ్వరమొస్తే తానే వెళ్ళి మందులు తెచ్చాడు. ఆయన నోటివెంట దురుసు మాట ఎన్నడూ వినలేదు. కానీ ఈ 'మరో ట్రిప్పు' మాట ఆమె వినడం నాలుగోసారి. సరే బాబూ అనేసి లోపలికి పోయి, మర్నాడు కూరకి కావలసిన దొండకాయలన్నీ ఆ సాయంత్రమే కూర్చుని తరిగేసింది.

గురువారం తెల్లవారకముందే లేచి లాడ్జి పెరట్లోనే వేపుడూ పప్పుచారూ ముగించింది. మ్యూజియం దగ్గర, మూసీ పక్కన ఖాళీ జాగాలో బస్సు ఆగగానే ఎసరు పెట్టింది. పదకొండున్నరకి అన్నం వార్చి, డేగిసాని రెండు గోనెపట్టాల్లో చుట్టి, దాని మీద తన దుప్పటి కప్పి, పైన పీట పెట్టింది. ఇంకో గంటయినా పొగలు కక్కుతుంది. చల్లారనిస్తే తన పేరు నూకరత్నమే కాదు.

డ్రైవరు అల్తాఫ్ మొహం మీద తువ్వాలు కప్పుకుని సీట్లో నిద్రపోతున్నాడు. అనకాపల్లి కుర్రాడు, రాత్రి సరిగా నిద్రలేదు. లేపి చెబుదామా అనుకుంది. చెబితే గణపతిరావు చెవిన పడుతుంది. ఆయన వద్దన్నాక వెళితే తప్పు, చెప్పకుండా వెళితే సగం తప్పు అని తనకి తనే తీర్పు చెప్పుకుని, ముఖం కడుక్కుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని నడిచింది.

టిక్కెట్టు కొనుక్కుని లోపలికి పోయింది. వరండా మలుపులో రాజ్యమూ మరో నలుగురూ ఎదురొస్తున్నారు. నూకరత్నం గభాల్న స్తంభం చాటుకి తప్పుకుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. యాభై రెండేళ్ళ మనిషి, చెరకు గడ విరిచి పట్టుబడిన పిల్లలా నిలబడిపోయింది. వాళ్ళు దాటిపోయాక తనకే నవ్వొచ్చింది.

గడియారం ఎక్కడని ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. జనమంతా ఒకే వైపు పరిగెడుతున్నారు. తీరా వెళ్ళేసరికి ఇసకేస్తే రాలడం లేదు. బల్లలన్నీ నిండిపోయాయి, వెనక నిలబడినవాళ్ళు చేతులు పైకెత్తి ఫోన్లు పట్టుకున్నారు. నూకరత్నం పొట్టిది. మునివేళ్ళ మీద లేచింది. ఒకాయన వీపూ, ఒకావిడ జడా, ఆ పైన ఫోన్ల బారూ కనబడ్డాయి. అంతే. టంగుమని మొదటి గంట పడింది. రెండు, మూడు. ఇటు జరిగింది, అటు జరిగింది, "బాబూ, కొంచెం తప్పుకో నాయనా" అంది. ఎవరూ కదల్లేదు. పన్నెండు గంటలూ అయిపోయి జనం చప్పట్లు కొట్టారు. జనం చెదిరి ఆమె ముందుకొచ్చేసరికి బొమ్మా లేదు, ఏమీ లేదు. మూసిన చిన్న తలుపు ఉంది.

ఇక్కడిదాకా వచ్చి కూడా విన్నదే మిగిలింది. మళ్ళీ విన్నదే. ఒళ్ళు మండిపోయింది ఆమెకి. ఒంటిగంటదాకా ఉంటే? అమ్మో, అప్పటికి అందరూ విస్తళ్ళ ముందు కూర్చుని ఉంటారు. కళ్ళు తుడుచుకుని గబగబా బయటికి నడిచింది.

మూసీ పక్కన ఖాళీ జాగాలో బస్సు లేదు.

దారి తప్పానేమో అనుకుంది. లేదు, తను అన్నం వార్చిన గంజి మడుగు అక్కడే ఉంది, దొండకాయ ముచ్చికలు ఉన్నాయి, పొయ్యి కింద పెట్టిన రెండు ఇటుకలు ఉన్నాయి. బస్సు ఒక్కటే లేదు. పక్కనున్న టీ బండి అతను, "పోలీసులు వచ్చి అన్ని బస్సులు తీయించిన్రమ్మా. మీ బస్సు కూడా పోయింది. గిన్నెలు గిట్ల అన్నీ ఎక్కించుకున్రు," అన్నాడు.

గిన్నెలన్నీ ఎక్కించుకున్నారు. ఇటుక మీదే కూర్చుండిపోయింది. ఊరు కాని ఊరు. లాడ్జి పేరు కూడా గుర్తులేదు, దాని పక్కన పాల బూతు ఉందని మాత్రం తెలుసు. ఇంకాసేపట్లో తను లేనని చూసుకుంటారు, కంగారు పడతారు, ఫోను చేస్తారు. అయ్యో, ఎంత గాభరా పడుతున్నారో. ఫోను చేత్తో పట్టుకుని కూర్చుంది. తను చేద్దామంటే, చెప్పకుండా వచ్చానని చెప్పడానికి నోరు రాలేదు.

ఇరవై నిమిషాలకి మోగింది. గణపతిరావు.

"నూకరత్నం, మాగాయ డబ్బా ఎక్కడెట్టేవమ్మా? అందరూ కూకున్నారు."

ఆమెకి ఒక క్షణం అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది. బస్సు వెనకాలో, కుళాయి దగ్గరో ఉన్నాననుకుంటున్నాడు.

"ఎనక సీటు కింద బాబూ," అంది. "ఎర్రమూత డబ్బా."

"ఆఁ, దొరికింది. బేగి రా, పప్పుచారు వడ్డించాల," అని పెట్టేశాడు.

నూకరత్నం ఫోను వంక చూస్తూ ఉండిపోయింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. టీ బండి అతను అటు తిరిగి గ్లాసులు కడుక్కున్నాడు. బస్సు కదిలేముందు లెక్కపెట్టే ఉంటారు. తువ్వాలుతో సీటు సీటునీ తట్టే ఉంటారు. ముప్పై ఎనిమిదీ సరిపోయి ఉంటాయి. అన్నం వేడిగా ఉందో లేదో చూశారు, మాగాయ లేదని చూశారు. ఏడుస్తూ ఏడుస్తూ ఉంటే ఎక్కడినుంచో ఒక తెగింపు వచ్చింది. సరే, వడ్డించుకోండి. చేతులున్నాయి కదా అందరికీ. లేచి, టీ తాగి, మళ్ళీ మ్యూజియం వైపు నడిచింది.

గేటు దగ్గర ఆడవాళ్ళ సంచులు చూసే రజియా ఆమెని గుర్తుపట్టింది. "అరే, ఇప్పుడే పోయినవ్ కదమ్మా? ఏమైంది, ఏడ్చినవా?"

"బస్సు ఒగ్గేసి ఎల్లిపోయిందమ్మా. గడియారం కూడా సూళ్ళేదు."

రజియా అటూ ఇటూ చూసి, ఆమె చేతిలో నలిగిపోయిన టిక్కెట్టు చూసి, "పో లోపలికి. ముందల బల్ల మీద కూసో. ఇప్పుడు అందరూ తినడానికి పోతరు, ఖాళీగా ఉంటది," అంది.

నిజమే. ముందు బల్ల మొత్తం ఖాళీ. నూకరత్నం నడిమధ్యన, గడియారానికి ఎదురుగా కూర్చుంది. తీరిగ్గా చూసింది. ఒక పక్కన కమ్మరివాడి బొమ్మ ఉంది, సుత్తితో టిక్కు టిక్కుమని క్షణానికో దెబ్బ వేస్తోంది. పొద్దుటినుంచీ వేస్తూనే ఉండి ఉంటుంది. దాని సంగతి ఆమెకి ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. "నువ్వూ ఉన్నావేటి నాయనా ఇక్కడ," అంది పైకే.

ఒంటిగంట కాబోతుండగా చిన్న తలుపు తెరుచుకుంది. గడ్డం ఉన్న బొమ్మ ఒకటి బయటికొచ్చింది. ఆమె బొటనవేలి కంటే కాస్త పెద్దదేమో. అంతే. ఇంతోటి దానికా ఊరంతా ఎగబడుతున్నారు! వచ్చి, కుదురుగా నిలబడి, టంగుమని ఒక్కటి కొట్టి, ఎవరి వంకా చూడకుండా లోపలికిపోయి తలుపు వేసుకుంది. నూకరత్నం రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుని నవ్వింది. మనిషంత బొమ్మ! సుత్తి ఎత్తి మరీ అభినయించింది ఆ పిల్లకి. సిగ్గేసింది, ముచ్చటేసింది, కడుపు నిండినట్టయింది.

ఫోను మోగింది. గణపతిరావు.

"నూకరత్నం! ఎక్కడున్నావమ్మా నువ్వు? బస్సు సుట్టూ, బాత్రూముల కాడ, ఎతకని చోటు లేదు!"

"గడియారం కాడున్నాను బాబూ."

"ఏ గడియారం?"

"మీరు పదకొండుకి సూసీసిన గడియారం."

ఫోనులో వెనకాల రాజ్యం గొంతు వినబడింది, "అయ్యో రామా, మనిషిని ఒగ్గేసి వచ్చీసేమా!" అని.

"పోలీసులు తరిమేత్తే జూపార్కుకి వచ్చీసేం. ఆటో ఎక్కి బేగి వచ్చీ. డబ్బులు నానిస్తాను. బయల్దేరు."

నూకరత్నం గడియారం వంక చూసింది. కమ్మరివాడు తన పని తాను చేసుకుంటున్నాడు.

"వస్తాను బాబూ. ఇప్పుడు ఒక్కటే కొట్టింది. రెండు కూడా కొట్టనీండి," అంది.

రెండున్నర దాటాక ఆటో దిగేసరికి జూపార్కు దగ్గర బస్సు పక్కన ఆడవాళ్ళు ముగ్గురు డేగిసాలు తోముతున్నారు. రాజ్యం మోకాళ్ళ నొప్పులతో వంగలేక, పీటమీద కూర్చుని గరిటెలు తుడుస్తోంది. ఆమె పైన కప్పిన విస్తరాకు తీసి ఒక గిన్నె చూపించింది. "నీ వాటా తీసి ఉంచేను. అన్నం సల్లారిపోయింది మరి."

అల్తాఫ్ ఎదురొచ్చి, "నా తప్పే అక్కా. అద్దంలో ఎనక్కి సూసుకోవాల్సింది. నువ్వు ఎప్పుడూ ఉండే సోటే ఉన్నావనుకున్నాను," అన్నాడు.

గణపతిరావు మాత్రం అందరి ముందూ గట్టిగానే అడిగాడు. "సెప్పకుండా ఎల్లడమేటమ్మా? నీకేటైనా అయితే మీ అమ్మాయికి నానేటి సెప్పాల?" కోపం కంటే భయమే ఎక్కువుంది ఆ గొంతులో.

"తప్పే బాబూ. సెప్పకుండా ఎల్లడం నా తప్పే," అంది నూకరత్నం. "మరి లెక్కెట్టే బయల్దేరేరు కదా?"

"ఎందుకెట్టలేదూ? రెండుసార్లు ఎట్టేను. ముప్పై ఎనిమిది, సరిపోయ..."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి, మడిచి, మళ్ళీ భుజం మీదే వేసుకున్నాడు. నూకరత్నం కూర్చుని, చల్లారిన అన్నంలో పప్పుచారు కలుపుకుంది. ఎనిమిదేళ్ళలో ఆమె తింటూ ఉంటే మిగతా వాళ్ళు నిలబడి చూడడం అదే మొదటిసారి. "ఎలగుంది గడియారం?" అని రాజ్యమే అడిగింది. "మీరు సూసేరు కదమ్మా," అంటే, "మేం ఫోనుల్లో తీసుకున్నాంలే, నువ్వు సెప్పు," అంది. నూకరత్నం కమ్మరివాడి సంగతి చెప్పింది. వాడు అక్కడున్నాడన్న సంగతే సగం మందికి తెలియదు.

శుక్రవారం పొద్దున్న తిరుగు ప్రయాణం. గణపతిరావు తువ్వాలు చుట్టచుట్టి సీట్లు తట్టుకుంటూ వెనక్కి వచ్చాడు. ఈసారి ఆఖరి వరసదాకా వచ్చి, నూకరత్నం సీటు కూడా తట్టి, పెదాలు కదుపుకుంటూ ఆగాడు. మొహం చిట్లించాడు.

"ముప్పై తొమ్మిది! ఒరే, ఎవులో ఒకరు ఎక్కువెక్కేసేరు! మనది కాని బస్సు ఎక్కింది ఎవులండీ?"

బస్సంతా గొల్లుమంది. రాజ్యం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, "ఎక్కువేటి బాబూ, ఆవిడే!" అంది. గణపతిరావు నాలిక కరుచుకున్నాడు. పాతికేళ్ళు కాటా దగ్గర పనిచేసిన మనిషి, పాపం, చెవులు ఎర్రబడిపోయాయి.

"అల్తాఫ్ బాబుతో నలభై," అంది నూకరత్నం వెనకనుంచి.

"డ్రైవరు లేకుండా బస్సెలా కదుల్తాదమ్మా? ఆడికి లెక్కెందుకు?"

"వంటమనిషి లేకుండా కదిలింది కదా."

గణపతిరావు నిలబడి, వెనకనుంచి ముందుకి మళ్ళీ ఒక్కొక్కరినీ తట్టుకుంటూ వెళ్ళి, చివర డ్రైవరు సీటు వీపు కూడా తట్టాడు. "నలభై. రైట్ రైట్," అన్నాడు మామూలు గొంతుతో.

శనివారం తెల్లారి బస్సు చోడవరం చేరేసరికి కీర్తి బస్టాండులో నిలబడి ఉంది. నూకరత్నం దిగీ దిగకముందే సంచి అందుకుంది.

"సూసేవా అమ్మమ్మా? ఎంతుంది? సెప్పు, ఆడు సోమవారం అడుగుతాడు."

దారి పొడుగునా నూకరత్నం ఈ మాట గురించే ఆలోచిస్తూ వచ్చింది. పందెం ఓడిపోతుంది పిల్ల. క్లాసంతా మళ్ళీ నవ్వుతారు. చెరకు బండి ఒకటి కిర్రుకిర్రుమంటూ దాటిపోయేదాకా ఆగి, సంచి కిందపెట్టించి, పిల్ల ముందు బొటనవేలు నిలబెట్టి చూపించింది.

"ఇంతే. ఇంతకన్నా కూసింత పెద్దదేమో."

కీర్తి ఆ వేలు వంక చూసింది. "మరి మనిషంతన్నావు?"

"అప్పుడు సూళ్ళేదే అమ్మా. సూసినోల్లు సెప్తే ఇన్నాను. సన్నీగాడు సెప్పిందే నిజం. నాను బస్సుకాడే ఉన్నాను, వంకాయలే తరిగేను. పందెం నువ్వు ఓడిపోయేవు. నా వల్ల ఓడిపోయేవు," అంది.

పిల్ల అమ్మమ్మ బొటనవేలిని పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, గోరు పక్కన పాత కత్తిపీట గాటుని నిమిరింది.

"అయితే ఈసారి నిజంగానే సూసేవు," అంది.

"ఎలా తెలిసింది?"

"సూడకపోతే పెద్దదనే సెప్పుదువు," అని సంచి భుజాన వేసుకుని నడిచింది కీర్తి. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఇంకేటేటి సూసేవు? నడుస్తా సెప్పు."